మిరపకు దొరికిన పేరు, మందుకు దొరికిన పేరు

క్రొత్త వస్తువును జూచి జనులు మొదట భయపడుదురనియు, భయము తీరిన పిమ్మట అలవాటుపడుదురనియు, అలవాటైన వెనుక అది లేనిదే దినము గడవదందురనియు లోకమున నొక మాట కలదు. ఈ మాటను మేము చాల కాలముగా వినుచున్నాము. గుంటూరుసీమ నల్లరేగడి నేలల చరిత్రను, అందును సత్తెనపల్లి ప్రాంతపు చరిత్రను పరికించినచో నిది సగము మాత్రమే నిజమని తోచుచున్నది. ఆ సీమవారు క్రొత్తకు జంకినవారు కారు. కొన్నిటిని ఒక్క కారులోనే గైకొనిరి. కొన్నిటికి తరతరములు తలుపు తీయలేదు. ఏది ముందు వచ్చెను, ఏది వెనుక వచ్చెను, ఆ నిర్ణయము ఎవరి చేతిలో నుండెను అన్నదియే మేమిచ్చట విచారింపదలచిన విషయము.

మొదట మిరపకాయను దీసికొందము. సత్తెనపల్లి యనగానే పత్తియు మిరపయు తలపునకు వచ్చును. అయినను మిరప యీ నేలలో పుట్టినది కాదు. అమెరికా ఖండమున పుట్టిన యీ మొక్కను పోర్చుగీసువారు 16వ శతాబ్దిలో మన దేశపు తీరములకు దెచ్చిరి. అంతకు ముందటి శతాబ్దిలో పల్నాటి వీరచరిత్రమును రచించిన శ్రీనాథుడు మిరపకాయ నెరుగడు. పల్నాటి జొన్నకూటిని ఎగతాళి చేయు చాటువులు కొన్ని ఆయన పేర వాడుకలో నున్నవి. ఆ కూటిలో నంజుకొనుటకు ఎఱ్ఱకారము మాత్రము అప్పటికి లేదు. కారమునకు మిరియము, పిప్పలి, శొంఠి, అల్లము, ఇవియే దిక్కు. మిరియము దూరపు కొండసీమలనుండి రావలెను, వెలపెట్టి కొనవలెను.

క్రొత్త కాయ వచ్చినప్పుడు మనవారు దానికి క్రొత్త పేరు వెదకలేదు. మిరియపు పేరునే కొంచెము మార్చి మిరపకాయ యనిరి. తమిళులును మిళగు అను మిరియపు పేరునకు కాయను జేర్చి మిళగాయ్ అనిరి. కన్నడిగులు మెణసినకాయి యనిరి. ఇరుగుపొరుగువారు ముగ్గురును పరదేశపు కాయకు ఇంటి పేరు పెట్టి లోనికి బిలిచిరన్నమాట. నేడు ‘గుంటూరు సన్నము’ అను మిరపకు ఆ సీమ సొత్తుగా భౌగోళిక సూచిక గుర్తింపు కూడ కలదు. తాతముత్తాతల నాటి ఆవకాయ యని మనము గర్వింతుము గాని, ఆ తాతలను మరికొన్ని తరములు వెనుకకు నడిపించినచో వారి జాడిలో కారము కనబడదు.

ఈ కాయ యెట్లు వ్యాపించెను? మా యూహ యిది. ఒక యెండుకాయలోని గింజలు పెరటిలో చల్లిన మొక్క వచ్చును. కాయ కాచిన తరువాత కూరలో వేసి చూడవచ్చును. నచ్చకున్న పారవేయవచ్చును, పోయినది గుప్పెడు గింజలే. నచ్చినచో మరల గింజలు తీసి పొరుగింటి కీయవచ్చును. పరీక్షించినది వంట చేయు స్త్రీ. పరీక్ష జరిగినది ఆమె కుండలోనే. బాగోగులు తెలిసినది ఆమె నాలుకకే. అప్పు లేదు, మధ్యవర్తి లేడు, తొందర లేదు.

మిరపను గూర్చి యింత విస్తరించుటకు కారణము కలదు. ‘మాలపల్లి’ నవలను రచించిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు సత్తెనపల్లి తాలూకాలోని వేములూరుపాడున 1877లో జన్మించిరి. వారు గుంటూరులో వితంతువుల కొఱకు శరణాలయమును నడపిరి, పునర్వివాహములు చేయించిరి, 1922లో స్త్రీల చదువునకై శారదానికేతనమును స్థాపించిరి. పాలేరుల కూలిని, ఆకలిని కథలోనికి దెచ్చిన ఆ నవలను నాటి ప్రభుత్వము నిషేధించెను. ఇట్టి పనుల కన్నిటికిని ఎదురైన సమాధాన మొక్కటియే: ‘ఇది మన పూర్వులెరుగనిది’. ఆ మాట పలికిన పెద్దలు ఉదయము తినివచ్చిన పచ్చడిలో మిరపకాయ యుండెను, అదియు పూర్వులెరుగనిదే. వారు ప్రయాణము చేసిన రైలు నట్టిదే. మిరపకాయ యింటిలో ఎవరి పెత్తనమును తగ్గింపలేదు. చదువుకొన్న ఆడుపిల్ల తగ్గించును. పూర్వాచారము జ్ఞాపకమునకు వచ్చుటకు వస్తువు క్రొత్తదగుట చాలదనియు, అది యెవరి గద్దెకో తగులవలెననియు మేము తలంచుచున్నాము.

యంత్రములను గూర్చియు నొక మాట. ధాన్యము దంచు మిల్లు పల్లెలకు వచ్చినప్పుడు గృహిణికి రోకటిపోటు తప్పెను. దంచినందుకు నూకలు, తవుడు, కొంత గింజ పుచ్చుకొని బ్రతుకు కూలియాడుదానికి మాత్రము ఆ గింజ తప్పెను. ఒకే యంత్రము ఒకే వీథిలో ఒక స్త్రీకి విశ్రాంతిని, మరొకతెకు పస్తును దెచ్చినది. సంస్కర్తలమనుకొను మనము మొదటిదానిని వ్రాసికొని రెండవదానిని మరచుచుందుము.

ఇక పత్తి. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. కుడికాలువ నీటితో జొన్న, కంది పండిన మెట్టనేలల రూపు మారెను. 1970లో గుజరాతులోని సూరతు పరిశోధనాకేంద్రమునుండి మొదటి సంకర పత్తివంగడము వెలువడగా, ఆ తెగ విత్తనములు త్వరలోనే మన సీమకును ప్రాకెను. దేశవాళీ పత్తికంటె దిగుబడి యెక్కువ, దూది పొడవు. నీరు, ఎరువు, పురుగు కూడ నెక్కువే. గుంటూరు రైతులు పత్తిసేద్యమున నెంత నేర్పరులైరనగా, నేలలు వెదకికొనుచు తెలంగాణమునకును, కర్ణాటకమునకును వలసపోయి అచ్చటను పత్తి వేసిరి. క్రొత్తకు జంకువారు చేయు పనియా యిది?

1980 తరువాత సింథటిక్ పైరిత్రాయిడ్లను జాతి పురుగుమందులు బజారునకు వచ్చెను. కొట్టిన కొలది గంటలలో పురుగు రాలిపడుట కంటికి కనబడెను. రైతునకు అంతకు మించిన ప్రమాణ మేమి కావలెను? అయితే ఆ మందు శనగపచ్చ పురుగుతో పాటు దానిని తిను పురుగులను, తెల్లదోమను అదుపులో నుంచు చిన్న ప్రాణులను కూడ చంపెను. 1984-85లో తెల్లదోమ విజృంభించెను. అది ఆకుల రసమును పీల్చి విడుచు తేనెబంకపై నల్లని మసి పట్టి దూది చెడెను. రైతు మరి రెండుసార్లు మందు కొట్టెను. 1987-88 నాటికి శనగపచ్చ పురుగు ఆ మందునకు లొంగుట మానినది. మందు మార్చిరి, రెండు మూడు కలిపి కొట్టిరి, వారమున కొకమారు కొట్టిరి. పురుగు కాయలోనే యుండెను. ఆ సంవత్సరమే గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పత్తిరైతుల ఆత్మహత్యల వార్తలు దేశమంతట వినబడెను. పురుగును చంపని డబ్బాయే అప్పులపాలైన మనిషిని చంపుటకు చేతి కందుబాటులో నుండెను.

ఇచ్చట పేరును గూర్చి మరల తలచుకొనక తప్పదు. మిరియపు పేరు మిరపకు పెట్టుటలో మోసము లేదు, రెండును కారమే. ఈ ద్రవమును మాత్రము మనము ‘మందు’ అంటిమి. జ్వరమునకు ఇచ్చునదియు మందే, చేను మీద చల్లునదియు మందే. ‘విషము కొట్టితిని’ అని యే రైతును అనడు; ‘మందు కొట్టితిని’ అనును. మందన్న పిమ్మట రోగము తగ్గకున్న మోతాదు హెచ్చించుటయే తోచును. విషమని పిలిచియున్నచో, మంచినీళ్లబిందె ప్రక్కన ఆ డబ్బాను పెట్టుటకు ఇంటివారు ఒక్క క్షణమైన సందేహించియుందురు గదా.

మరియు నీ మందును పరీక్షించిన వారెవరు? మిరపగింజవలె పెరటిలో వేసి చూచుట కిది వీలుపడదు. ఏ పురుగునకు ఏ మందు, ఎంత, ఎన్నాళ్లకు అను ప్రశ్నలకు ఊరిలో సమాధానము చెప్పగలవాడు తరచుగా దుకాణదారే. అప్పిచ్చువాడును అతడే, కొన్ని తావుల పంట కొనువాడును అతడే. వైద్యుడు, మందుల వర్తకుడు, వడ్డీవ్యాపారి యొక్కడే యైనచో రోగి గతి యేమగును? గుంటూరు చెంతనున్న లాం పరిశోధనాక్షేత్రములోని శాస్త్రజ్ఞులు తెల్లదోమను తట్టుకొను ‘కాంచన’ వంటి వంగడములను తయారుచేసిరి. మంచి పనియే. కాని శాస్త్రజ్ఞుడు చేనికడకు ఎప్పుడో యొకసారి రాగలడు, దుకాణము ప్రతిదినమును తెరచియుండును.

మందు కొట్టువాడు పురుషుడు. మరి కొన్నాళ్లకు ఆ చేనిలో నడుము వంచి పత్తి తీయునది స్త్రీ. కొట్టుటకు ముందు ఆమెను అడిగినవారు లేరు. ఒడిలో దూది నింపుకొని, ఆ చేతులతోనే మధ్యాహ్నము సద్దిమూట విప్పునది ఆమెయే. క్రొత్తను అంగీకరించినది ఇంటి యజమానుడు, అనుభవించినది కూలి స్త్రీ.

ఇదే కాలమున ఆ స్త్రీల వంటయింటికి ఏమి వచ్చెను? 1980 మొదలు చేనిలో నూతన రసాయనములు పనిచేయుచుండగా, ఇంటిలో పత్తికంపను, మిరపకంపను మండించుచు పొగలో కండ్లు తుడుచుకొనుట సాగుచునే యుండెను. పేదయిండ్ల స్త్రీలకు గ్యాసుపొయ్యి నిచ్చుటకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ‘దీపం’ పథకమును ఆరంభించినది 1999లో. గ్యాసు మీద అన్నము రుచి యుండదని, అది ప్రేలునని, ఆడువారు సోమరులగుదురని చెప్పిన పెద్దలు మన బంధువర్గములలోనే యుండిరి. విషపు డబ్బాను ఒక్క కారులోనే ఇంటికి దెచ్చిన వారికి పొయ్యి విషయమున నింత విచారణ యెందుకు కావలసివచ్చెనో చదువరులే యోచింతురుగాక.

2002 మార్చిలో బీటీ పత్తికి మన దేశమున అనుమతి లభించినది. కాయతొలుచు పురుగులను చంపు గుణము మొక్కలోనే యుండుటచే మొదటి సంవత్సరములలో ఆ పురుగునకై కొట్టు మందు తగ్గెను. దీనిని కాదనుట న్యాయము కాదు. కాని విత్తనము సంకరజాతిది; గింజ దాచుకొని మరుసటి యేడు వేయుటకు వీలులేదు. 450 గ్రాముల సంచి 1,600 రూపాయలకు పైగా అమ్ముచుండగా రాష్ట్రప్రభుత్వము న్యాయవేదిక నాశ్రయించి, 2006లో ధరను 750 రూపాయలకు దింపించెను. తరువాత గులాబిరంగు పురుగు ఆ గుణమును కూడ జయించినది. మిరపకును శాంతి లేదు. 2021-22లో నల్ల తామరపురుగు పూతలో దూరి సత్తెనపల్లి మొదలు ఖమ్మము వఱకు తోటలను పాడుచేసెను. అప్పుడును జనులు మొదట పరుగెత్తినది దుకాణమునకే.

2023 నవంబరులో కేంద్రప్రభుత్వము 15,000 మహిళాసంఘములకు డ్రోనుల నిచ్చు పథకమును ఆమోదించెను. పురుగుమందును, ఎరువును ఆకాశమునుండి చల్లు యంత్రమును స్త్రీ నడపును. చల్లువాని వీపుమీద డబ్బా యుండనక్కరలేదు, ముక్కునిండ విషపు తుంపర పీల్చనక్కరలేదు. ఇందులకు మేము సంతోషించుచున్నాము. ఆ సంఘమునందలి స్త్రీకి డ్రోను త్రిప్పుట నేర్పువారు, ఏ మందును చల్లరాదో, ఏనాడు చల్లనక్కరలేదో చెప్పు అధికారమును కూడ ఆమెకు నేర్పుదురా, లేక దుకాణమునుండి వచ్చిన చీటీ ప్రకారము బొత్తాము నొక్కుమందురా? సంఘపు సమావేశములలో మన సోదరీమణులు ముందుగా నడుగవలసినది యీ ప్రశ్నయే.

మిరపకోత మాత్రము నేటికిని చాలవఱకు చేతులతోనే జరుగుచున్నది. కళ్లములలో ఎండిన కాయలనుండి తాలుకాయలను ఏరువారును స్త్రీలే. మిర్చియార్డులో ధర పలుకునది వారు వేరు చేసి పోసిన ఆ రాశులకే.