మధ్యాహ్నం పూట వినపడని జలాంతర్గామి: నీటి ధ్వని శాస్త్రం, యువ శాస్త్రవేత్తల పతకాలు, మన పిల్లలు

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగినప్పుడు అనుకున్న నిల్వ సామర్థ్యం, ఇప్పుడు అధికారులు చెప్పే సామర్థ్యం ఒకటి కావు. మొదటి లెక్క 408 టీఎంసీలు. తర్వాతి సర్వేల లెక్క 312. మిగతా చోటును పూడిక ఆక్రమించింది. నల్లగొండ ఆయకట్టు రైతుకు, కూలికి ఈ తేడా ఏమిటో చెప్పనక్కరలేదు. కానీ ఆ తేడా ఎలా తెలిసిందన్న ప్రశ్న మన తరగతి గదుల్లో ఎవరూ అడగరు. నీటి అడుగున ఏముందో చూడలేం, వినాల్సిందే.

పడవ కింద నుంచి ఒక శబ్దం పంపుతారు. అది అడుగును తాకి తిరిగొచ్చే దాకా పట్టిన సమయాన్ని కొలుస్తారు. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,480 మీటర్లు పోతుంది, గాలిలోకంటే నాలుగు రెట్లకు పైనే. ప్రతిధ్వని సెకనులో పదో వంతులో తిరిగొస్తే లోతు 74 మీటర్లన్న మాట. దీన్నే ఎకో సౌండర్ అంటారు. ఇదే పద్ధతిలో యుద్ధనౌకలు జలాంతర్గాములను వెతికితే సోనార్ అంటారు.

శబ్దమే ఎందుకంటే రేడియో తరంగాలు నీటిలో పోలేవు. మహబూబ్‌నగర్‌కు ఉత్తరాన, వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని దామగుండం అడవిలో 2024 అక్టోబర్ 15న నౌకాదళ రాడార్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. జనం నోట రాడార్ అయింది గానీ, నిజానికి అది అతి తక్కువ పౌనఃపున్యంలో జలాంతర్గాములకు సందేశాలు పంపే రేడియో కేంద్రం. అంత పెద్ద ఏర్పాటు చేసినా ఆ సందేశం సముద్రం పైపొర దాటి ఎక్కువ లోతుకు దిగదు. మన అడవి మీద వచ్చిన ఆ చర్చలో ఈ భౌతికశాస్త్రం గురించి మాట్లాడగలిగినవాళ్లు మన వైపు ఎంతమంది ఉన్నారు?

ఈ శాస్త్రంలో యువ పరిశోధకులకు ఇచ్చే పేరున్న పురస్కారం ఎ.బి. వుడ్ పతకం. బ్రిటన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అకౌస్టిక్స్ ఇస్తుంది. ఆల్బర్ట్ వుడ్ 1890లో పుట్టాడు, మాంచెస్టర్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర పనిచేశాడు. 1915లో, పాతికేళ్ల వయసులో, జలాంతర్గాములను శబ్దంతో పట్టే పనికి బ్రిటిష్ నౌకాదళంలో చేరాడు. 1964లో చనిపోయాడు. మిత్రులు 1970లో ఆయన పేరిట పతకం పెట్టారు.

నీటిలో గాలి బుడగలు కలిస్తే శబ్దవేగం ఎంత పడిపోతుందో చెప్పే సూత్రం వుడ్ పేరు మీదే ఉంది. పరిమాణంలో నూటికి ఒక వంతు గాలి కలిస్తే చాలు, వేగం సుమారు 120 మీటర్లకు దిగుతుంది. అంటే అటు నీటికంటే, ఇటు గాలికంటే కూడా తక్కువ. నమ్మబుద్ధి కాకపోతే ఏ గురుకులం హాస్టల్‌లోనైనా చూడొచ్చు. పింగాణీ కప్పులో వేడి పాలు పోసి, బూస్ట్ పొడి కలిపి, చెంచాతో కప్పు అడుగున తడుతూ ఉండండి. మొదట బొంగురుగా మోగుతుంది. బుడగలు పోతున్న కొద్దీ స్వరం పైకి లేస్తుంది. లేబొరేటరీ అక్కరలేదు.

మేము ఎక్కువగా చెప్పుకోవాలనుకున్నది మాత్రం 1930ల నాటి ఇంకో ముచ్చట. అమెరికా నౌకాదళం సోనార్ ఉదయం బాగా పనిచేసేది, మధ్యాహ్నం అయ్యేసరికి దెబ్బతినేది. తిని కూర్చున్న ఆపరేటర్లు కునికిపాట్లు పడుతున్నారని నింద వేశారని చెబుతారు. 1937లో క్యూబాలోని గ్వాంటనామో తీరంలో కొలతలు తీస్తే తప్పు నీటిదని తేలింది. ఎండకు పైనీరు వేడెక్కుతుంది. మంచినీటి లెక్కే చూస్తే, 20 డిగ్రీల దగ్గర శబ్దవేగం 1,482 మీటర్లు, 30 దగ్గర 1,509. ఎడ్లబండి ఒక చక్రం బురదలో దిగితే బండి అటే మళ్లుతుంది కదా. శబ్దం కూడా అంతే, నెమ్మదిగా పోయే చల్లటి నీటి వైపు, అంటే కిందికి వంగిపోతుంది. ఆ వంపుకు అవతల జలాంతర్గామి ఉన్నా ప్రతిధ్వని రాదు. ఆ రోజుల్లోనే అథెల్‌స్టన్ స్పిల్‌హాస్ అనే పాతికేళ్లు దాటిన యువకుడు లోతు మారుతుంటే ఉష్ణోగ్రత ఎలా మారుతుందో గీసి చూపే పరికరం తయారుచేశాడు. దాని పేరు బాతీథర్మోగ్రాఫ్. అప్పటికి గానీ ఆపరేటర్ల మీద నింద పోలేదు.

మెరిట్ లేదని మన పిల్లల మీద నింద వేసేవాళ్లు ఏ నీటినీ కొలవరు. స్కాలర్‌షిప్ రాక, ఫీజు బకాయికి కాలేజీ సర్టిఫికెట్ ఆపితే పోయిన ఏడాదిని ఎవరు లెక్క కడతారు? ఇంట్లో చదువుకున్న మొదటి మనిషి తనే అయినప్పుడు ఎంఎస్సీ తర్వాత ఏం చేయాలో చెప్పేవాళ్లు లేక పోయిన రెండేళ్లను? యువ శాస్త్రవేత్త అన్న మాటలోనే వయసు లెక్క ఉంది. జేఆర్ఎఫ్‌కు 30 ఏళ్ల పరిమితి పెట్టి, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు ఇచ్చారు. వుడ్ పతకానికి ఆ ఐదేళ్ల సంగతి తెలియదు. పైగా ఒక ఏడాది బ్రిటన్, యూరప్ వాళ్లకు, మరో ఏడాది అమెరికా, కెనడా వాళ్లకు ఇవ్వడం దాని ఆనవాయితీ. విశాఖ ల్యాబ్‌లో ఎంత గొప్ప పని చేసినా ఆ వరసలో చోటు లేదు.

అలాగని దారులు లేవని కాదు. నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చాయి. భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు ఈ రంగానికి రావచ్చు. దేశంలో ఈ పని జరిగే చోట్లు కొన్నే: విశాఖపట్నంలో 1969లో పెట్టిన ఎన్ఎస్‌టీఎల్, కొచ్చిలో ఎన్‌పీఓఎల్, చెన్నైలో ఎన్ఐఓటీ. చదువుకు ఐఐటీ ఢిల్లీలోని కేర్ కేంద్రం, ఐఐటీ మద్రాస్ ఓషన్ ఇంజనీరింగ్ విభాగం ఉన్నాయి. సముద్ర సమాచారంతో పనిచేసే ఇన్‌కాయిస్ అయితే హైదరాబాద్‌లోనే ఉంది, నల్లగొండ నుంచి పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి చూసి రావచ్చు.

పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ అంబేద్కర్ వైస్రాయ్ మండలిలో ఉన్న రోజుల్లో, 1944లో మొదలైంది. పీహెచ్‌డీకి ఎస్సీ జాతీయ ఫెలోషిప్ ఉంది. విదేశాల్లో చదవడానికి కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు వయసు 35 లోపు, కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. దేశం మొత్తానికి 125 సీట్లు. దరఖాస్తు పెట్టాలంటేనే ముందుగా విదేశీ యూనివర్సిటీ నుంచి అడ్మిషన్ లెటర్ కావాలి, దానికే నెలలు పడుతుంది. కాబట్టి ఎంఎస్సీ రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు ఆ ఉత్తరాలు ఇప్పుడే రాయడం మొదలుపెట్టండి.