నదిలో కలిసిన అక్షరములు

అచ్చులో వచ్చిన పరిశుద్ధ గ్రంథములలో చూడముచ్చటయైన దేదని పుస్తక ప్రియులను అడిగినచో, పలువురు డవ్స్ ముద్రణాలయపు ఇంగ్లీషు బైబిలును పేర్కొందురు. లండను నగరమునందలి హామర్‌స్మిత్‌లో, 1903 మొదలు 1905 వరకు, అయిదు సంపుటములుగా అది వెలువడినది. బొమ్మలు లేవు, అంచులకు లతలు లేవు. ఆదికాండము మొదటి పుటలో మాత్రము ఎడ్వర్డ్ జాన్‌స్టన్ రూపొందించిన ఎఱ్ఱని 'ఐ' అక్షరము పై నుండి క్రింది వరకు స్తంభమువలె నిలిచియుండును. పాఠమంతయు ఒకే పరిమాణముగల అక్షరములే. డవ్ అనగా పావురము గనుక మనకు వెంటనే యొర్దాను నది జ్ఞాపకమునకు వచ్చును గాని, ఆ పేరు దగ్గరనున్న ఒక పానశాలనుబట్టి వచ్చినది!

దీనిని అచ్చువేసిన కాబ్డెన్ శాండర్సన్ (1840–1922) మొదట న్యాయవాది. నలుబదియేండ్లు దాటిన పిమ్మట, విలియం మోరిస్ భార్య ఇచ్చిన సలహాపై, నల్లకోటు విడిచి పుస్తకములకు బైండు కట్టుట నేర్చుకొనెను. 1893లో బైండింగు శాల, 1900లో ఎమెరీ వాకర్ అను నిపుణునితో భాగస్వామ్యములో ముద్రణాలయము స్థాపించెను. పదునైదవ శతాబ్దమున వెనిసులో నికొలాస్ జెన్సన్ వాడిన అక్షరములను ఆదర్శముగా పెట్టుకొని వారు స్వంత టైపు చేయించుకొనిరి. ఎడ్వర్డ్ ప్రిన్స్ ఉక్కుపై మూలాక్షరములను చెక్కెను. ముద్రణ అంతయు చేతియంత్రము మీదనే.

కొన్ని సంవత్సరములకే భాగస్వాములకు పొసగలేదు. 1909లో ఒక ఒడంబడిక జరిగినది: కాబ్డెన్ శాండర్సన్ జీవించినంత కాలము టైపు ఆయన వాడుకొనవలెను, తరువాత అది వాకర్‌కు చెందవలెను. వాకర్ వయసులో చిన్నవాడు. తన తదనంతరము ఈ అక్షరములు శ్రద్ధలేని చేతులలో పడి, మరయంత్రముల క్రింద నలిగి, చౌకబారు పుస్తకములకు ఉపయోగపడునేమోయని వృద్ధునికి దిగులు పట్టుకొనెను.

అందుచేత 1913లో మూలాక్షరములను, వాటినుండి తీసిన పోత అచ్చులను థేమ్స్ నదిలో పడవేసెను. 1916 ఆగస్టు చివర నుండి 1917 జనవరి వరకు సీసపు టైపునంతటిని అట్లే చేసెను. అప్పటికాయనకు డెబ్బదియారేండ్లు. రాత్రివేళ మూటలు కట్టి, మనుష్యుల కన్నుగప్పి, హామర్‌స్మిత్ వంతెన మీదికి నడిచి, నీటిలోనికి జారవిడుచును. ఇట్లు సుమారు నూటడెబ్బది పర్యాయములు. బరువు ఒక టన్నుకు పైమాటే. ఒకసారి మూటలు నీటిలో పడక వంతెన ఆధారముపై చిక్కుకొనగా, తెల్లవారిన తరువాత ఎవరైన చూతురేమోయని ఎంత భయపడెనో! ముద్రణాలయమును కూడ మూసివేసెను.

ఇది పనియందలి భక్తియా, అన్యాయమా? ఒక్క ప్రూఫైనను దిద్దినవారికి ఆయన ఆవేదన అర్థమగును. అక్షరము తప్పిపోకుండ, సిరా ఎక్కువ తక్కువలు కాకుండ ఒక పుట తీయుటలో ఎంత ఓర్పు కావలెను! వ్యాపారమును పెంచుటకంటె మూసివేయుట మేలని ఆయన తలంచినచో, అది ఆయన హక్కే. కాని టైపు ఆయన ఒక్కనిది కాదు. వ్రాసి యిచ్చిన మాట ఉన్నది. వాకర్ కూడ పని తెలియనివాడు కాడు. ఆ అక్షరముల రూపకల్పనలో అతని చెయ్యి ఎంతయో కలదు. బైబిలును అంత నిర్మలముగా అచ్చువేసిన చేతులే సహోదరుని పాలును చీకటిలో నీటిపాలు చేసినవి. నా మట్టుకు, ముద్రణాలయము మూసినందుకు ఆయనను గౌరవింతును. వంతెన మీదికి నడిచినందుకు గౌరవింపజాలను.

ఆ భారము ఆయన భార్య ఆన్ మీద పడినది. 1922లో భర్త చనిపోయిన పిమ్మట వాకర్ దావా వేయగా, ఆమె 700 పౌనులు చెల్లించి రాజీపడవలసి వచ్చెను. ఇక ఆ టైపు ఎన్నటికిని దొరకదని అందరును అనుకొనిరి. అయితే రాబర్ట్ గ్రీన్ అను అక్షరశిల్పి వంతెన క్రింద వెదకి, 2014లో గజ ఈతగాండ్ర సహాయముతో సుమారు 150 అక్షరములను పైకి తీయించెను. వాటిని చూచి తాను గీసిన ఆకృతులను సరిచేసికొనెను. ఇప్పుడా అక్షరములు కంప్యూటరులో వాడుకొనుటకు దొరకుచున్నవి.