గుఱ్ఱపు మేఁత, విషపు మొక్క

శింగనమల శ్రీరంగరాయల చెరువు నిండిన సంవత్సరమున ఆయకట్టు వరితో కళకళలాడునే గాని, ఆ నీరెక్కని మెరక బీళ్లు ఏఁటికి సుమారు 550 మిల్లీమీటర్ల వానను, అదియును వేళకు రాని వానను, నమ్ముకొని బ్రదుకుచుండును. ఇట్టి అనంతపురపు సీమలో పెనుగొండ రాయలు మొదలు గుత్తి మురారిరావు వఱకు ఏలికలందఱును రావుతులను పోషించిరి. 1776లో హైదరాలీ గుత్తిని గైకొన్న పిదపను, 1800లో దత్తమండలములు కుంపిణీ వశమై మన్రో దొర అనంతపురమున కొలువుండిన పిదపను ఈ దారులలో గుఱ్ఱపు డెక్కల చప్పుడు ఆఁగలేదు. యుద్ధముల చరిత్ర వ్రాసినవారు గుఱ్ఱముల సంఖ్యను చెప్పిరి గాని, అవి మేసిన కసవును గూర్చి చెప్పినవా రరుదు.

కఱవు నేలపై మృత్యువు మేఁతలోనే పొంచియుండును. కడుపు నిండిన జంతువు చేదు మొక్కను మూచూచి విడుచును; ఆఁకొన్నది విడువదు. గన్నేరుటాకు గుప్పెఁడు చాలును, గుండె నిలిచిపోవును. ఎండినను దాని విషము పోదు, పైపెచ్చు ఎండుగడ్డిలో కలిసినదానిని గుఱ్ఱము వేఱుపఱుప నేరదు. అమరకోశమే దానిని హయమారకమని పేర్కొనుటను బట్టి ఈ యెఱుక ఎంత ప్రాచీనమో తెలియును. ఆముదపు గింజలును గుఱ్ఱమునకు ప్రాణాంతకములే. ఇఁక వాన తప్పి గిడసబాఱిన జొన్నపైరును, కోఁత పిమ్మట మోళ్లనుండి లేచిన పిలకలను మేసిన ఆవులు నాము తగిలి కూలుట రైతులెల్ల రెఱిఁగినదే. ఆ లేఁత మొక్కలలో పుట్టు సైనైడు అందులకు కారణము.

ఇట్టి విషపు మేఁతకు లాయమువారు పాటించిన ఉపాయము, నాకుఁ దోఁచినంతవఱకు, గుఱ్ఱమును బీటికే తోలకుండుట. చెన్నపట్టణపు కుంపిణీ ఆశ్వికదళములలో ప్రతి గుఱ్ఱమునకును ఒక గుఱ్ఱపువానితోపాటు గడ్డి తెచ్చు మనిషియు నుండెడివాఁడు. అతఁడు గరికను వేళ్లతోఁగూడ చెక్కి, మన్ను దులిపి, మోపు కట్టి తెచ్చెడివాఁడు. దానిపై ఉడికించిన ఉలవలు. ఈ మెట్టనేల వానికి కొఱఁత చేయదు గదా! పరక పరకయు మనిషి చేతిమీఁదుగాఁ బోవుటచే విషపు మొక్కకు గాటిలోనికి దారి దొరకెడిది కాదు. ఆ గడ్డికూలి పేరు మాత్రము ఏ దండయాత్రా వృత్తాంతమునను కానరాదు.

గుఱ్ఱములు పోయి గొఱ్ఱెలు మిగిలిన బీళ్లపైకి, 1956లో పూనాలో శాస్త్రజ్ఞులు గుర్తించిన వయ్యారిభామ యను కలుపుమొక్క కాలక్రమమున వచ్చి చేరెను. అమెరికా గోధుమలతో దిగెనని జనవాక్యము. ఇది మునుపటి విషముల వంటిది గాదు: పశువు దీనిని కోరి మేయదు, కసవెల్ల మేఁతకుఁ బోఁగా ఇది మిగిలి, ఒక్కొక్క మొక్క వేలకొలఁది విత్తనములు రాల్చి, బీటినే కాఁజేయును. గతిలేక మేసిన పశువునకు నోట పుండ్లు, పెఱికిన కూలీలకు దురదలు. బెంగుళూరు ఉద్యాన పరిశోధన సంస్థవారు మెక్సికోనుండి తెప్పించి 1984లో విడిచిన పెంకుపురుగు వానకాలమున దీని యాకులను ఊడ్చిపెట్టునే గాని, ఎండ ముదిరినచో నేలలో దాఁగును. అనంతపురమున వాన యెంతకాలము? పురుగు పెరుగులోపల మొక్క విత్తు రాల్చుటయుఁ గలదు. కనుక నేల తడిగా నుండఁగనే, పూవు రాకమున్నె, చేతులకు గుడ్డ చుట్టుకొని వేళ్లతోఁ బెఱుకుటయే నేఁటికిని గట్టి మార్గము. ఖాళీయైన చోట తంగేడు జాతి మొక్కలను ఎదుగనిచ్చినచో మరల మొలచుట తగ్గును. సొంత చేనిలో రైతు ఈ పని చేసికొనును. ఊరుమ్మడి బీటికి ఆ కూలి యిచ్చువా రరుదు.