నాలుగు పాయింట్ల అప్పు

గడియారంలో అర నిమిషం కూడా మిగల్లేదు.

2025 సెప్టెంబరు 13, శనివారం రాత్రి. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, సౌత్ బెండ్ ఊరు. కాలేజీ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. నోటర్ డేమ్ యూనివర్సిటీ స్టేడియంలో పట్టే జనమే 77 వేల పైచిలుకు. ఇప్పుడు కూర్చున్నవాడు లేడు. గొంతులు బొంగురుపోయాయి. అయినా అరుస్తున్నారు. ఎదుటి జట్టు ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ చెప్పే మాట పక్కనున్న తనవాళ్లకే వినపడకూడదు. గ్యాలరీలో ఉన్నవాళ్లు చేయగలిగింది అదొక్కటే.

స్కోరు 40-34. నోటర్ డేమ్ ఆరు పాయింట్లు ముందుంది. టెక్సాస్ ఎ అండ్ ఎమ్‌కి మిగిలింది ఒకే ఒక్క ప్రయత్నం. గీత దాటడానికి 11 గజాలు. అడ్డుకోడానికి పదకొండు మంది. ఆ పదకొండు మందిలో ఎవడు ఎక్కడ నిలబడాలో, ఎవడు ఎవణ్ణి పట్టుకోవాలో తేల్చి చెప్పాల్సిన మనిషి డిఫెన్సివ్ కోఆర్డినేటర్ క్రిస్ యాష్. ఆ ఉద్యోగంలో అతనికిది రెండో మ్యాచ్.

బంతి కదిలింది. ఎ అండ్ ఎమ్ క్వార్టర్‌బ్యాక్ మార్సెల్ రీడ్ దాన్ని అందుకున్నాడు. ఎండ్ జోన్‌లోకి విసిరాడు. అక్కడ ఎ అండ్ ఎమ్ ఆటగాడొకడు దాన్ని ఒడిసిపట్టాడు.

గడియారం 13 సెకన్ల దగ్గర ఆగింది. స్కోరు 40-40. ఆ వెంటనే కొట్టిన అదనపు కిక్ గురి తప్పలేదు. 41-40. అంతసేపూ హోరెత్తిన స్టేడియంలో ఒక్కసారిగా నిశ్శబ్దం కమ్ముకుంది. ఎవరో తలుపు మూసేసినట్టు.

ఆ ఒక్క పాయింటు నిజానికి నోటర్ డేమ్‌దే. సుమారు మూడు నిమిషాల క్రితం వాళ్లు టచ్‌డౌన్ చేసి ఆధిక్యంలోకి వచ్చారు. దాని వెంట కొట్టే కిక్‌కి బంతిని నేల మీద నిలబెట్టాలి. అది చేతుల్లో నిలవలేదు. జారిపోయింది. అప్పుడు దాన్ని పెద్దగా పట్టించుకున్నవాళ్లు తక్కువ. ఇప్పుడు అందరికీ అదే గుర్తొస్తోంది.

అంతకు ముందు మ్యాచ్ ఆగస్టు 31న, మయామీలో. అక్కడ 27-24. మయామీ 47 గజాల నుంచి కొట్టిన ఫీల్డ్ గోల్ పోస్టుల మధ్య నుంచి దాటేసరికి ఆటలో మిగిలింది నిమిషం పైన నాలుగు సెకన్లు. అప్పుడు మూడు పాయింట్లు, ఇప్పుడు ఒకటి. రెండు మ్యాచ్‌లు, రెండు ఓటములు, తేడా మొత్తం నాలుగు పాయింట్లు.

సైడ్‌లైన్‌లో ఒక మనిషి మైదానం వైపే చూస్తూ నిలబడ్డాడు. అతనికి ఈ ఓటమి మిగతావాళ్లందరికంటే లోతుగా దిగింది. ఎందుకంటే డిఫెన్స్ అతని సొంత విద్య.

మార్కస్ ఫ్రీమన్. హెడ్ కోచ్. తండ్రి అమెరికా వైమానిక దళంలో పనిచేశాడు. తల్లి కొరియా దేశస్థురాలు. ఫ్రీమన్ ఒహాయో స్టేట్ జట్టులో లైన్‌బ్యాకర్‌గా ఆడాడు. 2009లో ప్రొఫెషనల్ జట్టు చికాగో బేర్స్ ఎంచుకుంది. కానీ గుండెలో లోపం ఉందని డాక్టర్లు తేల్చడంతో ఆడే కాలం అక్కడితో ముగిసింది. కోచింగ్‌లోకి వచ్చాడు. సిన్సినాటిలో నాలుగేళ్లు డిఫెన్సివ్ కోఆర్డినేటర్. 2021లో అదే పని మీద నోటర్ డేమ్‌కి. ఆ ఏడాది చివర్లో అప్పటి హెడ్ కోచ్ బ్రయన్ కెల్లీ ఉన్నట్టుండి వెళ్లిపోతే ఆ కుర్చీ 35 ఏళ్ల ఈ కుర్రాడికి దక్కింది. అంటే క్రిస్ యాష్ చేస్తున్న పని ఒకప్పుడు ఇదే మైదానంలో తను చేసిన పనే.

మరి ఆ పగ్గాలు వెనక్కి లాక్కోవాలా?

అసలు కథ కాస్త వెనక మొదలైంది. 2025 జనవరి 20న నోటర్ డేమ్ జాతీయ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఆడింది. ఒహాయో స్టేట్ చేతిలో 34-23తో ఓడినా, అక్కడిదాకా మోసుకెళ్లింది డిఫెన్సే. దాన్ని నడిపిన అల్ గోల్డెన్‌కి దేశంలోకెల్లా గొప్ప అసిస్టెంట్ కోచ్‌గా బ్రోయిల్స్ అవార్డు దక్కింది. ఫైనల్ ముగిసిందో లేదో, ప్రొఫెషనల్ జట్టు సిన్సినాటి బెంగాల్స్ అతన్ని ఎగరేసుకుపోయింది. ఆ ఖాళీలోకి వచ్చినవాడు యాష్. దెబ్బలు తిన్న మనిషి. 2014 సీజన్‌లో ఒహాయో స్టేట్ జాతీయ టైటిల్ గెలిచినప్పుడు డిఫెన్స్‌ని నడిపినవాళ్లలో ఒకడు. తర్వాత రట్గర్స్‌లో హెడ్ కోచ్ అయ్యాడు. 2019లో సీజన్ మధ్యలోనే తీసేశారు. టెక్సాస్‌లో కోఆర్డినేటర్‌గా ఒక్క ఏడాది. పైనున్న హెడ్ కోచ్‌ని తప్పించడంతో ఆ కొలువూ పోయింది. సీజన్ మధ్యలో పిలుపొస్తే దాని అర్థమేమిటో ఈ మనిషికి ఒకరు చెప్పక్కర్లేదు.

ఆదివారం తెల్లవారింది. ఫిల్మ్ చూడాలి.

ఫుట్‌బాల్ కోచ్‌కి ఓడిన మర్నాటి గది ఎలా ఉంటుందో ఆ వృత్తిలో ఉన్నవాళ్లకే తెలుసు. లైట్లు ఆర్పేస్తారు. తెర మీద రాత్రి ఆట మళ్లీ నడుస్తుంది. చేతిలో రిమోట్. ముందుకు, వెనక్కి, మళ్లీ ముందుకు. ఆ రోజు ఆ తెర మీద కనపడాల్సినవి చాలానే ఉన్నాయి. రీడ్ విసిరిన బంతులతో ఎ అండ్ ఎమ్ 360 గజాలు దోచుకుంది. మారియో క్రేవర్ అనే కుర్రాడొక్కడే ఏడు క్యాచ్‌లతో 207 గజాలు లాగేశాడు. విసిరేవాడి మీద ఒత్తిడి చాలలేదు. వెనకాల కాపలా కాసేవాళ్ల మధ్య సందులు.

ఇదే క్యాంపస్‌లో తొమ్మిదేళ్ల కిందట ఇలాంటి ఆదివారమే ఒకటి వచ్చింది. 2016 సెప్టెంబరు. డ్యూక్ చేతిలో 38-35తో ఓడిన మర్నాడే బ్రయన్ కెల్లీ తన డిఫెన్సివ్ కోఆర్డినేటర్ బ్రయన్ వాన్‌గోర్డర్‌ని తీసేశాడు. అప్పటికి సీజన్‌లో ఆడింది నాలుగు మ్యాచ్‌లు. ఆ ఏడు 4 గెలుపులు, 8 ఓటములతో ముగిసింది. ఇంకో దారీ ఉంది. బేలర్‌లో హెడ్ కోచ్ డేవ్ అరాండా 2024లో డిఫెన్స్ కాల్స్ తన చేతిలోకే తీసుకున్నాడు. ముందటేడు 3-9తో కూలబడ్డ జట్టు ఆ ఏడు 8-5కి లేచింది. తీసెయ్యొచ్చు. లాక్కోవచ్చు. ఫ్రీమన్ ముందు రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

అతను రెండింట్లోనూ నడవలేదు.

వేలెత్తి ఒక్కడి వైపు చూపలేదు. కోఆర్డినేటర్ పదవి యాష్‌దే. శనివారం కాల్ ఇచ్చే పనీ యాష్‌దే. హెడ్ కోచ్ మాత్రం డిఫెన్స్ గదిలో ఎక్కువసేపు కూర్చోవడం మొదలుపెట్టాడు. ప్లాన్ తయారయ్యేటప్పుడే అందులో చెయ్యి పెట్టాడు.

చూడ్డానికి చిన్న మార్పు. కానీ ఎందుకు అక్కడే చెయ్యి పెట్టాలో ఆట తెలిసినవాళ్లకి తెలుసు. ఒక ప్లే ముగియగానే 40 సెకన్ల గడియారం మొదలవుతుంది. 2024 నుంచి పెద్ద కాలేజీ జట్లలో డిఫెన్స్‌లో ఒక్క ఆటగాడి హెల్మెట్‌లో కోచ్ మాట వినపడే రేడియో పెట్టుకోనిస్తున్నారు. 15 సెకన్లు మిగిలేసరికి ఆ లైను తెగిపోతుంది. అంటే ఎదుటివాళ్లు ఎవర్ని దించుతున్నారో చూసి, ఏం చేస్తారో ఊహించి, మన ఎత్తు ఎంచుకుని, ఆ మాట ఒక కుర్రాడి చెవిలో వేసి, వాడు పదిమందికీ చేరవేసే వీలుండేలా చూడ్డానికి కోఆర్డినేటర్ చేతిలో ఉండేది పాతిక సెకన్లు. ఆ పాతిక సెకన్లలో రెండో గొంతు దూరిందా, పిల్లలు ఎటు చూడాలో తెలీక నిలబడిపోతారు. సాయం చేయాలనుకుంటే సోమవారం చేయాలి. బుధవారం చేయాలి. శనివారం రాత్రి మైకు లాక్కుంటే అది సాయం కాదు.

సెప్టెంబరు 20. పర్డ్యూ వచ్చింది. ఫ్రీమన్ ఒకప్పుడు కోచ్‌గా పనిచేసిన జట్టే. నోటర్ డేమ్ 56 పాయింట్లు కొట్టి గెలిచింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. కానీ బోర్డు మీద రెండో వైపు ఉన్న అంకె చూసినవాళ్లకి గుండె జారింది. 30.

మూడు మ్యాచ్‌లలో ఇచ్చుకున్న పాయింట్లు 27, 41, 30. మొత్తం 98. హెడ్ కోచ్ వచ్చి కూర్చున్నా చిల్లు పూడలేదా?

మరుసటి శనివారం, సెప్టెంబరు 27. ఫేయెట్‌విల్, ఆర్కాన్సా. పరాయి ఊరు, పరాయి అరుపులు. మొదటి సగం ముగిసేసరికి నోటర్ డేమ్ 42, ఆర్కాన్సా 13. ఆధిక్యం పెద్దదే. అయితే ఈ డిఫెన్స్‌ని నమ్మి కాలు మీద కాలేసుకుని కూర్చునే ధైర్యం అప్పటికింకా ఎవరికీ రాలేదు. విరామం అయింది. తలుపులు తెరుచుకున్నాయి. పదకొండు మంది మళ్లీ మైదానంలోకి నడిచారు.

రెండో సగంలో ఆర్కాన్సాకి ఒక్క పాయింటు రాలేదు. సున్నా. 56-13. మర్నాడు ఆర్కాన్సా తన హెడ్ కోచ్ శామ్ పిట్‌మన్‌ని తీసేసింది. రెండు వారాల కిందట వేటు కత్తి సౌత్ బెండ్‌లో ఒకడి మెడ మీద వేలాడింది. అది చివరికి ఎక్కడో వేరేచోట పడింది.

అక్కడి నుంచి ఆట మారింది. గాయంతో దూరమైన కార్నర్‌బ్యాక్ లెనార్డ్ మూర్ తిరిగొచ్చాడు. అదీ కలిసొచ్చింది, కాదనలేం. అక్టోబరు 4న బాయ్‌సీ స్టేట్ క్వార్టర్‌బ్యాక్ విసిరిన నాలుగు బంతుల్ని నోటర్ డేమ్ కుర్రాళ్లు గాల్లోనే కాజేశారు. 28-7. తర్వాతి వారం నార్త్ కరోలినా స్టేట్ మీద 36-7. ఆర్కాన్సాతో కలిపి మూడు మ్యాచ్‌లలో ఇచ్చుకున్నవి మొత్తం 27 పాయింట్లు. మయామీలో ఒక్క రాత్రిలో ఇచ్చినంత.

కానీ అసలు పరీక్ష అక్టోబరు 18న ఉంది. చిరకాల ప్రత్యర్థి సదరన్ కాలిఫోర్నియా. రాత్రి మ్యాచ్. వాన.

వాన పడుతూనే ఉంది. లైట్ల వెలుగులో చినుకులు సూదుల్లా దిగుతున్నాయి. తడిసిన బంతి సబ్బు బిళ్ల. తడిసిన గడ్డి మీద కాలు మోపితే జారుడు. మూడో క్వార్టర్‌లో సదరన్ కాలిఫోర్నియా 24-21తో ముందుకెళ్లింది. స్టేడియంలో చాలామందికి సెప్టెంబరు 13 కళ్లముందు కదిలింది. అదే మైదానం, అలాంటి రాత్రే, అలాగే జారిపోతున్న ఆట. ఆ తర్వాతి కిక్కుని జడారియన్ ప్రైస్ తన చివరి గీత దగ్గర అందుకుని, మధ్యలో సందు చూసుకుని, తడి గడ్డి మీద తూలకుండా, వెనకపడ్డవాళ్లని వెనకే వదిలేసి, ఈ కొస నుంచి ఆ కొసకి 100 గజాలు పరుగెత్తి అవతలి గీత దాటేశాడు. 28-24.

ఇంక నిలబడాల్సింది డిఫెన్స్. నెల కిందట నిలబడలేనిది.

నిలబడింది. ఆ రాత్రి సదరన్ కాలిఫోర్నియా ఖాతాలో 24 మీద మరో పాయింటు చేరలేదు. మాయోపాయంతో ఒక ప్లే పన్నింది. బంతి జారింది. నోటర్ డేమ్ కుర్రాళ్లు దాని మీద పడ్డారు. 34-24. వానలో తడుస్తూనే జనం పాడుకున్నారు.

నవంబరు 22న సిరక్యూస్ వచ్చినప్పుడైతే వింత జరిగింది. నోటర్ డేమ్ అటాక్ మైదానంలో అడుగు పెట్టకముందే బోర్డు మీద మూడు టచ్‌డౌన్లు వెలిశాయి. రెండు డిఫెన్స్ కాజేసిన బంతులతో. ఒకటి అడ్డుకున్న కిక్‌తో. ఆ మ్యాచ్ 70-7. లెక్క తీస్తే మొదటి మూడు మ్యాచ్‌లలో 98 పాయింట్లు ఇచ్చుకున్న డిఫెన్స్, మిగిలిన తొమ్మిదింట్లో కలిపి ఇచ్చింది 113. వరసగా పది గెలుపులు. సీజన్ 10-2.

సెప్టెంబరులో వేటు పడుతుందనుకున్న మనిషి నవంబరు చివరిదాకా కాల్స్ ఇస్తూనే ఉన్నాడు.

ఇంక మిగిలింది ఒక్కటే. పిలుపు.

జాతీయ ప్లేఆఫ్‌లో 12 జట్లకే చోటు. నోటర్ డేమ్ ఏ కాన్ఫరెన్సులోనూ చేరని స్వతంత్ర జట్టు. కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచి దర్జాగా లోపలికి నడిచే దారి దానికి లేదు. కమిటీ ఎంచుకోవాలి. అంతే.

డిసెంబరు 7, ఆదివారం మధ్యాహ్నం. టీవీలో జాబితా ఒక్కొక్క పేరే బయటికొస్తోంది. చివరి చోట్ల దగ్గర రెండు జట్లు మిగిలాయి. రెండింటికీ పదేసి గెలుపులు, రెండేసి ఓటములు. ఒకటి నోటర్ డేమ్. రెండోది మయామీ.

ఆ రెండూ ఎదురెదురుగా ఆడిన మ్యాచ్ ఒకటుంది. ఆగస్టు 31. 27-24.

మయామీ పేరు చదివారు.

ఆ రోజే నోటర్ డేమ్ ఇంకో ప్రకటన ఇచ్చింది. ఈ ఏడాది సీజన్ ముగిశాక జరిగే ఏ బౌల్ మ్యాచ్‌లోనూ ఆడబోమని. తొమ్మిది మ్యాచ్‌లుగా ఎవరూ ఛేదించలేకపోయిన ఆ డిఫెన్స్‌కి వచ్చే శనివారం ఎదురు నిలిచే జట్టే లేదు.