దండోరా ఎవరికి వినిపించింది?

మా అమ్మమ్మకి తన పుట్టిన తేదీ తెలీదు. కాలాన్ని ఆమె వేరే లెక్కలో దాచుకుంది. "ఉప్పెన నాటికి మీ అమ్మకి ఎనిమిదేళ్లు", "మీ తాతయ్య పోయింది ఉప్పెనైన నాలుగో ఏడు", "నువ్వు గాలివానకి ముందు నెల పుట్టావు". ఉప్పెన అంటే 1977 నవంబరు 19. గాలివాన అంటే 1990 మే 9. దివిసీమలో ఆమె ఈడు ఆడవాళ్లందరిదీ ఇదే పంచాంగం. తెలుగు కథలో తీరప్రాంత స్త్రీల మీద పరిశోధన చేస్తున్న రోజుల్లో ఆమె ముందు రికార్డరు పెట్టుకుని కూచున్నాను. కథలకి నేపథ్యం దొరుకుతుందనుకున్నాను. నాకు దొరికింది ఒక ప్రశ్న.

"ముందుగా చెప్పలేదా అమ్మమ్మా మీకు?" అని అడిగాను.

"చెప్పారు. దండోరా వేశారంటే వేశారు. అదెవరికి వినపడిందే అమ్మాయ్?"

ఆ ప్రశ్న వెంటే కొన్నేళ్లుగా తిరుగుతున్నాను. ఆపద వస్తోందని తెలిసినప్పుడు ఊరు ఏం చేస్తుంది, అసలు ఊరంటే ఎవరు, ఊరి తరఫున నిర్ణయాలెవరివి అన్నవి పరిపాలనా శాస్త్రం వాళ్ల సంగతులని మనం వదిలేశాం. ఇల్లు, వంట, ఒళ్లు, బట్ట, పిల్లలు, అనుమతి అన్న మాటలు లేకుండా ఆ సంగతులు చెప్పడం సాధ్యం కాదని నాకు అమ్మమ్మ దగ్గరే తెలిసింది.

ఆ శనివారం సాయంత్రం సముద్రం ఐదు మీటర్ల ఎత్తున లేచి దివి తాలూకా మీద పడింది. కోడూరు, నాగాయలంక వైపు ఊళ్లకి ఊళ్లే కొట్టుకుపోయాయి. సొర్లగొంది పేరు వింటే మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ ఒక్క క్షణం మాట ఆపుతారు. ప్రభుత్వం లెక్కలో చనిపోయినవాళ్లు సుమారు 10,000 మంది. వరికోతల కాలం. పై ఊళ్ల నుంచి కూలికి వచ్చినవాళ్లు ఏ ఊరి లెక్కలోకీ రాలేదని అమ్మమ్మ అనేది. ఆ తీరానికి ఉప్పెన కొత్త కాదు. 1864 నవంబరు 1న బందరుని ముంచిన ఉప్పెనలో 30,000 మంది పోయారని చరిత్ర పుస్తకాలు చెప్తాయి. 113 ఏళ్ల తర్వాత, రేడియోలూ వాతావరణ కేంద్రాలూ వచ్చాక కూడా ఇంతమంది ఎందుకు పోయారు?

జవాబులో కొంత మన పాలనా యంత్రాంగం పుట్టుకలోనే ఉంది. ఈ దేశంలో ఆపదకి ప్రభుత్వం ఏం చెయ్యాలన్నది మొదట పద్ధతిగా రాసుకున్నది కరువు కోసం. 1876-78 నాటి మహా కరువు తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక ఇచ్చింది, 1883 నుంచి కరువు నియమావళులు వచ్చాయి. కరువు నెమ్మదిగా వస్తుంది. వాన లెక్క చూడ్డానికీ, పంట అంచనా కట్టడానికీ, పనులు తెరవడానికీ, గంజి కేంద్రం ఎక్కడ పెట్టాలో రాసుకోడానికీ వ్యవధి ఇస్తుంది. అది రెవెన్యూ శాఖ చేతిలోని పని. కొలవడం, లెక్కించడం, పంచడం. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఆపద అనేది అదే శాఖ దగ్గర, అదే స్వభావంతో ఉండిపోయింది. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీరాజ్ వచ్చినప్పుడు సమితులకి బడులూ రోడ్లూ బావులూ ఇచ్చారు. తుఫాను మాత్రం కలెక్టరు దగ్గరే ఉంది. ఉప్పెనేమో కరువులా ఆగదు.

హెచ్చరిక కూడా ఆ దారినే దిగేది. వాతావరణ కేంద్రం నుంచి కలెక్టరుకి, అక్కణ్ణించి తాలూకా కచేరీకి, అక్కణ్ణించి ఊరి మునసబుకి, మునసబు నుంచి వెట్టివాడికి. ఆఖరి మెట్టు మీద ఒక డప్పు. ఆ డప్పు కొట్టే మనిషి ఉండేది ఊరి చివర పల్లంలో, అందరికంటే ముందు నీళ్లొచ్చే చోట. ఊరందరినీ మేలుకొలిపే పని అతనిది, ఊళ్లో మెరక మీద చోటు మాత్రం అతనిది కాదు.

అమ్మమ్మ చెప్పింది ఇది. దండోరా రచ్చబండ దగ్గర వేశారు. ఆమె దొడ్లో ఉంది. డప్పు చప్పుడు వినపడింది, గాలికి మాట వినపడలేదు. ఏమిటని పొరుగామెని అడిగితే "మీ ఆయనకి తెలుస్తుందిలే" అంది. తాతయ్య పక్కూరు వెళ్లాడు. ఆయన లేకుండా ముగ్గురు పిల్లల్ని తీసుకుని, ఇంటికి తాళం వేసి, ఎవరి పెంకుటింటికో వెళ్లి కూచోవడానికి ఆమెకి కాళ్లు రాలేదు. "వచ్చాక ఎక్కడికి పోయావంటే ఏం చెప్పను?" సాయంత్రానికి నీళ్లొచ్చాయి. చీర తుమ్మకంపకి పట్టుకుంటే విప్పేసింది. అదే చీరతో మా అమ్మనీ, రెండో వాణ్ణీ తనతో కలిపి తాటిచెట్టుకి కట్టుకుంది. చంటిది అప్పటికే చెయ్యి జారింది. దాని పేరు అమ్మమ్మ నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు నీళ్లు తీశాయి. మనుషులు వెతుక్కుంటూ వచ్చారు, పిలిచారు. ఆమె పలకలేదు. ఒంటిమీద గుడ్డ లేదు. వచ్చినవాళ్లందరూ మగవాళ్లు. పిల్లల్ని మాత్రం కిందికి దించి, పొద్దుగూకేదాకా ఆ చెట్టునే ఉంది. "నీళ్లు చంపలేదు గానీ సిగ్గు చంపేదే" అని ఆమె నవ్వింది. రికార్డరులో ఆ నవ్వు ఉంది. ఇప్పటికీ పూర్తిగా వినలేను.

నేను ఆ తర్వాత చూసిన కాగితాల్లో ఎకరాలున్నాయి, పశువులున్నాయి, ఇళ్లున్నాయి. మనుషులు "వ్యక్తులు"గా ఉన్నారు. చెట్టు దిగలేని స్త్రీకి ఏ పట్టికలోనూ గడి లేదు. సాహిత్యంలోనైనా ఉందా అని వెతుక్కున్నాను. మనకి ప్రపంచ గౌరవం తెచ్చిన పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' మళ్లీ చదివాను. ఆ రాత్రి ఏం చెయ్యాలో తెలిసిన మనిషి బిచ్చగత్తె. వణికిపోతున్న రావుగారికి ధైర్యం చెప్పింది ఆమె. విపత్తు నిర్వహణ అని ఇప్పుడు మనం అంటున్న పని ఆ కథలో చేసింది ఆమె ఒక్కతే. కానీ కథ రావుగారి మనసులో జరుగుతుంది, ఆమెకి పేరు లేదు. గొప్ప కథే. అయినా ఆమె వైపు నుంచి ఆ రాత్రిని ఎవరైనా రాసి ఉంటే బాగుండునని, మా అమ్మమ్మ మాటలు విన్నాక గట్టిగా అనిపించింది.

1977 తర్వాత చాలా మారింది. కాదంటే అన్యాయం. తీరం పొడవునా స్తంభాల మీద తుఫాను రక్షణ భవనాలు లేచాయి. 1983లో వెళ్లిన ఇన్సాట్-1బి ఉపగ్రహం ద్వారా తీరానికి నేరుగా తెలుగులో హెచ్చరికలు అందించే పెట్టెలు వచ్చాయి. సైరన్ మోగి, ఆ తర్వాత మాట వినిపించేది. 1990 మేలో దాదాపు అంత బలమైన తుఫానే కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటితే, ముందే లక్షల మందిని తరలించారు. చనిపోయినవాళ్లు వెయ్యిలోపు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని అతలాకుతలం చేసినప్పుడు రాష్ట్రంలో మృతుల సంఖ్య పదుల్లో ఉంది. 30,000 నుంచి 10,000కి, అక్కణ్ణించి వెయ్యికి, వెయ్యి నుంచి పదులకి. ఈ తగ్గుదల కోసం పనిచేసిన గుమాస్తా నుంచి శాస్త్రవేత్త దాకా అందరికీ మనం రుణపడి ఉన్నాం. నెల పిల్లగా ఆ రక్షణ భవనంలో పడుకున్నాను గనకే ఇవాళ ఇది రాస్తున్నాను.

అదే భవనం గురించి మా అమ్మ చెప్పేది ఇంకొకటి. ఆమె పచ్చి బాలెంత. రెండు రాత్రులు, ఒకే హాలు, వందలమంది జనం. మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లందరూ మంచినీళ్లు తాగడం మానేశారు. పాలు పడక నేను ఏడుస్తుంటే, అక్కడే ఉన్న ఇంకో బాలెంత తీసుకుని పాలిచ్చిందట. ఆమె ఎవరో అమ్మకి తెలీదు. ప్రాణం దక్కడం అన్నది ప్రభుత్వం లెక్క. ఆ ప్రాణాన్ని రెండు రాత్రులు నిలబెట్టడం ఎవరి లెక్కలోకీ రాని పని.

ఇవన్నీ మా ఇంటి ముచ్చట్లే అయితే ఇంత దూరం రాయను. 1991లో బంగ్లాదేశ్ తుఫానులో సుమారు 1,40,000 మంది పోయారు. 20 నుంచి 44 ఏళ్ల మధ్య స్త్రీల మరణాల రేటు అదే వయసు పురుషుల రేటుకి నాలుగు రెట్లు మించింది. 2004 డిసెంబరు సునామీ తర్వాత ఆక్స్‌ఫామ్ సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారం తమిళనాడులోని కడలూరు జిల్లాలో 391 మంది స్త్రీలు, 146 మంది పురుషులు చనిపోయారు. నాగపట్నం జిల్లాలో 2,406 మంది స్త్రీలు, 1,883 మంది పురుషులు. మగవాళ్లు వేటకెళ్లి నడిసముద్రంలో ఉన్నారు. అక్కడ అల పెద్దగా తెలియలేదు. ఆడవాళ్లు ఒడ్డున చేపల కోసం ఎదురుచూస్తున్నారు, ఇళ్లల్లో పిల్లలతో ఉన్నారు. ఈత నేర్పలేదు, చెట్టెక్కడం నేర్పలేదు, ఎవరినీ అడక్కుండా పరిగెత్తడం అసలే నేర్పలేదు. ప్రకృతికి లింగవివక్ష ఉండదు. దానికి ఎవరెవరు ఎక్కడ దొరకాలో ముందే ఏర్పాటు చేసిపెట్టింది పితృస్వామ్యం.

ఇక చట్టం దగ్గరికి వద్దాం. సునామీ తర్వాత, 2005 డిసెంబరులో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. 79 సెక్షన్లు. దేశానికో ప్రాధికార సంస్థ, రాష్ట్రానికొకటి, జిల్లాకొకటి. జిల్లా సంస్థకి కలెక్టరు అధ్యక్షత వహిస్తే, ఎన్నికైన స్థానిక ప్రతినిధి సహాధ్యక్షత వహించాలి. స్థానిక సంస్థలకి ఒక అధ్యాయం ఇచ్చారు. చట్టం వచ్చిననాడు ఆ అధ్యాయం మొత్తం ఒక్క సెక్షనే, 41వది. సిబ్బందికి శిక్షణ ఇప్పించాలి, సామగ్రి సిద్ధంగా ఉంచుకోవాలి, కట్టడాలు ప్రమాణాల ప్రకారం ఉండేలా చూడాలి, సహాయ పునరావాస పనులు చెయ్యాలి. బాధ్యతలున్నాయి. నిర్ణయాధికారం పైన జిల్లాలో ఉంది. 2025 సవరణ పెద్ద నగరాల కోసం వేరే ప్రాధికార సంస్థలకి దారి తెరిచింది. పల్లె ఆ దారిలో లేదు. అంతకు ముందు, 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదకొండో షెడ్యూలు పంచాయతీలకి 29 విషయాలు అప్పగించింది. ఆ జాబితాలో విపత్తు అన్న మాట లేదు. ఆ సవరణే స్త్రీలకి మూడో వంతు స్థానాలిచ్చింది, మన రాష్ట్రం తర్వాత దాన్ని సగానికి పెంచింది. అంటే స్త్రీలు అడుగుపెట్టిన ఇంట్లో ఆపద గది తాళం లేదు.

మరి విపత్తు చట్టానికి స్త్రీ ఎక్కడ కనిపిస్తుంది? సహాయంలో లింగ, కుల, మత వివక్ష చూపకూడదని 61వ సెక్షన్ అంటుంది. మంచిదే. దానికి ముందు, 12వ సెక్షన్‌లో, కనీస సహాయ ప్రమాణాలు చెప్పేచోట వితంతువులకీ అనాథలకీ ప్రత్యేక ఏర్పాట్లుండాలని ఉంది. ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. భర్త పోయాక స్త్రీ చట్టానికి కనపడింది. నీళ్లు రాకముందు, పిల్లల్ని పట్టుకుని గుమ్మంలో నిలబడి ఆయన కోసం ఎదురు చూస్తున్నప్పుడు కనపడలేదు.

కొన్నేళ్ల క్రితం ఒక తీర గ్రామంలో తుఫాను సన్నద్ధత కసరత్తు చూడ్డానికి వెళ్లాను. హెచ్చరిక బృందం, తరలింపు బృందం, రక్షణ బృందాల్లో మగపిల్లలు. ప్రథమ చికిత్సకీ వంటకీ ఆడవాళ్లు. సర్పంచి స్త్రీ. మైకు ఆమె భర్త చేతిలో ఉంది. ఫోన్లకి సందేశాలొస్తాయని, ఇక ఎవరికీ తెలియకపోవడమంటూ ఉండదని ఒక ఉద్యోగి ఉత్సాహంగా చెప్పాడు. వెనక వరసలో ఒకామె నెమ్మదిగా అంది: "ఫోను ఆయన చొక్కా జేబులో ఉంటదండీ." రచ్చబండ చొక్కా జేబులోకి మారింది, అంతే.

రక్షణ భవనం చూద్దామన్నారు. తాళం. తాళంచెవి ఉన్నాయన మండల కేంద్రానికి వెళ్లాడు. అరగంట నిలబడ్డాం. ఆ అరగంటే ఆ రోజు జరిగిన అసలైన కసరత్తు. భర్త టీ తాగడానికి వెళ్లగానే సర్పంచి చుట్టూ ఆడవాళ్లు చేరారు. పొదుపు సంఘం వాళ్లు, ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు. ఏ ఇంట్లో నిండు చూలాలుందో, ఏ ముసలమ్మ నడవలేదో, ఎవరి మొగుడు వేటకెళ్తే ఇంట్లో నిర్ణయం చెప్పే మగదిక్కు ఉండదో వాళ్లకి నోటికొచ్చు. ఏ ప్రణాళికలోనూ లేని ఊరి పటం అది.

మన రేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు పదకొండు. పదో నంబరు మహా ప్రమాదమని అందరికీ తెలుసు. పదకొండోది, వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని, తుఫాను వస్తోందని రేవులోని అధికారే నిర్ణయించుకున్నాడని చెప్తుంది. తనంత తాను నిర్ణయించే అధికారం ఆ ఒక్క మనిషికి రాసి ఇచ్చారు. మా అమ్మమ్మ జీవితమంతా కబురందని రేవులోనే గడిచింది. ఆ అధికారం మాత్రం ఆమెకి ఎవరూ రాసివ్వలేదు.

ఆ సాయంత్రం సర్పంచి తీర్మానాల పుస్తకం తెప్పించింది. రక్షణ భవనం రెండో తాళంచెవి అంగన్‌వాడీ టీచరు దగ్గర ఉండాలి. మరుగుదొడ్లకి తలుపులు పెట్టించాలి. తుఫాను కబురు సంఘం ఆడవాళ్లు ఇంటింటికీ వెళ్లి ఆడవాళ్లకే చెప్పాలి. ఎవరి కోసమూ ఆగకుండా వెళ్లమని కూడా చెప్పాలి. కార్యదర్శి కలం పట్టుకుని, "ఏ పద్దు కింద రాయమంటారమ్మా, మనకి తుఫాను పద్దు లేదు" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది.

"తాగునీటి కింద రాయండి. వచ్చేది నీళ్లేగా."