ఎడమ కన్ను, కుడి కన్ను

కర్నూలు నగరంలో కలిసిపోయిన కల్లూరులో ఉగాది అంటే చౌడేశ్వరమ్మ గుడి. గుడి చుట్టూ బురద చేసి అందులో ఎడ్ల బండ్లనూ గాడిదలనూ తిప్పుతారు. ఆ సందడి ఒకపక్క ఉంటే, అన్ని ఊళ్లలోలాగే పంచాంగం వినడం ఇంకోపక్క. జనం చెవులు రిక్కించేది ఆదాయ వ్యయాలకు, రాశిఫలాలకు, సీమ గనక ముఖ్యంగా వానల లెక్కకు. అదే పంచాంగాన్ని ఇంటికి తెచ్చుకుని వెనక పేజీలు తిరగేస్తే, చాలావాటిలో బల్లిపాటు ఫలితాల దగ్గరే అంగస్ఫురణ ఫలితాలని ఇంకో పట్టిక కనిపిస్తుంది. నెత్తి అదిరితే ఒకటి, భుజం అదిరితే ఒకటి, తొడ అదిరితే మరొకటి. మగవాళ్లకు కుడివైపు మంచిది, ఆడవాళ్లకు ఎడమవైపు. ఈ పట్టికకు జోస్యం చెప్పే శక్తి ఉందని నేను నమ్మను. అయితే అది ఇన్ని వందల ఏళ్లు ఎలా నిలిచిందని అడిగితే మూఢనమ్మకమనే ఒక్క మాటతో సరిపెట్టలేం. కారణం తెలియకుండా ఒంట్లో ఏదో కదిలినప్పుడు పుట్టే గుబులుకు అది ఒక హద్దు గీసింది. ఆ హద్దు పోయాక అదురు తగ్గలేదు, గుబులు మాత్రం పెరిగింది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఈ నమ్మకం ఎంత పాతదో రామాయణం చూస్తే తెలుస్తుంది. కిష్కింధకాండలో రాముడూ సుగ్రీవుడూ చెలిమి చేసుకున్న వేళ సీతకు, వాలికి, రావణుడికి ముగ్గురికీ ఒక్కసారే ఎడమ కన్ను అదిరిందంటాడు వాల్మీకి. ఆమెకేమో శుభం, వాళ్లిద్దరికీ చేటు. సుందరకాండలో అశోకవనంలో ప్రాణం తీసుకోబోయిన సీతకు ఎడమ కన్ను, ఎడమ భుజం, ఎడమ తొడ అదురుతాయి, ఆమె నిలదొక్కుకుంటుంది. అరణ్యకాండలో మారీచుణ్ణి చంపి ఆశ్రమానికి తిరిగొస్తున్న రాముడికి ఎడమ కంటి కిందిభాగం అదురుతుంది. కింది అని ప్రత్యేకించి చెప్పడం గమనించదగ్గది, ఎందుకంటే ఈనాటి కంటి వైద్యుల అనుభవంలో కూడా ఎక్కువగా అదిరేది కింది రెప్పే. కవి గాలిలోంచి కల్పించలేదు, మనుషుల ముఖాలు చూసి రాశాడు. మత్స్యపురాణంలోనైతే ఏ అంగం అదిరితే ఏ ఫలమో చెప్పడానికే ఒక అధ్యాయం ఉంది. కాళిదాసు నాటికి ఈ శకునాన్ని కాస్త అనుమానంగా చూడడం కూడా వచ్చేసింది. కణ్వాశ్రమంలో అడుగుపెడుతున్న దుష్యంతుడికి భుజం అదిరితే, ఇంత ప్రశాంతమైన తపోవనంలో దీనికి ఫలమేముంటుందని ముందు తనే విస్తుపోతాడు. జరగవలసినదానికి ఎక్కడైనా తలుపులుంటాయని ఆ వెంటనే సర్దుకుంటాడు.

వీటన్నిటిలో నాకు ముఖ్యమనిపించేది ఎడమ కుడి లెక్క. ఏ అదురైనా మంచిదయ్యే అవకాశం సగం ఉంది. చెడ్డదైనా ఆ చెడుకు ఒక కొలత ఉంది: ఒక కబురు, ఒక తగాదా, కొంత ఖర్చు. "పొద్దున్నుంచి కన్ను అదుర్తాంది, ఏం వినాల్సొస్తాదో" అన్న మనిషికి సాయంత్రానికల్లా ఏదో ఒక కబురు తెలుస్తుంది, లెక్క తీరిపోతుంది. చుట్టం వస్తే చుట్టమే ఫలం, బాకీ అడిగేవాడొస్తే వాడే ఫలం. ఇంట్లో పెద్దవాళ్లు ఏ కన్నని అడిగి, జవాబు విని, మంచిదేలే అనో దేవుడికి దండం పెట్టుకో అనో చెప్పి పనిలో పడతారు. గుబులు ఒక్కరి లోపలే మగ్గకుండా నలుగురి నోళ్లలో పడి కరిగిపోతుంది. సంకేతం చూపించేది బయటి ప్రపంచాన్ని, ఒంటిని కాదు. కన్ను అదిరింది కాబట్టి కంటికే ఏదో అయిందని ఆ పట్టిక ఎక్కడా చెప్పదు.

ఇది పాతదాన్ని పొగిడే ధోరణి అని ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. అభ్యంతరంలో నిజముంది. ఊరెళ్లిన మగడి కోసం చూస్తున్న ఇల్లాలికి కుడి కన్ను అదిరితే ఆ రాత్రి నిద్రపట్టకపోవడం కథల్లో మాత్రమే జరిగేది కాదు. శాకుంతలంలో రాజసభకు వచ్చిన శకుంతలకు అదిరింది కుడి కన్నే, ఆ తరవాత ఏమైందో తెలిసిందే. శకునాల పేరుతో ప్రయాణాలు మానుకున్నవాళ్లూ, శాంతులకు డబ్బు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 1874లో వివేకవర్ధని మొదలుపెట్టిన వీరేశలింగం నాటి నుంచి సంస్కర్తలు ఇలాంటి నమ్మకాల మీద ధ్వజమెత్తింది ఊరికే కాదు. నేననేదల్లా ఆ భయం ఒక పూటదో ఒక వారానిదో అని. సంస్కర్తలు శకునాన్ని తోసేశారు గాని, మరి ఇది ఎందుకు అదురుతోందన్న ప్రశ్నకు జవాబు వాళ్ల దగ్గర లేదు. అది రావలసింది వైద్యుల దగ్గర్నుంచి.

వైద్యుల జవాబు నిజానికి చాలా చిన్నది. ఒక్కో మోటారు నరం చివర కొమ్మలుగా చీలి కండలో కొన్ని పోగులను ఆడిస్తుంది. మెదడు చెప్పకుండానే ఆ నరం దానంతటది ఒకసారి రగిలితే, దాని చేతిలోని పోగులన్నీ ఒక్కసారిగా బిగుసుకుని వదులుతాయి. చర్మం కింద పురుగు మెదిలినట్టు ఉంటుంది. నిద్ర చాలకపోయినా, టీ కాఫీలు మితిమీరినా, ఒళ్లు అలిసినా, మనసు నలిగినా ఇది ఎక్కువవుతుంది. రెప్పలోనూ పిక్కలోనూ మరీ మామూలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఇది ఎప్పుడో ఒకప్పుడు రానివాళ్లు తక్కువ. అంటే ఈ సంకేతానికి అర్థమేమీ లేదు. మంచీ కాదు, చెడూ కాదు. ఇన్ని శతాబ్దాల చరిత్రలో ఇది పూర్తిగా కొత్త మాట. మింగుడుపడనిదీ ఇదే.

ఎందుకంటే వైద్యం ఆ మాటతో పాటు ఇంకొకటి కూడా చెప్పింది. 1869లో ప్యారిస్‌లో షార్కో అనే వైద్యుడు వివరించిన మోటారు న్యూరాన్ జబ్బులోనూ, అంటే ఆ మోటారు నరాలకే వచ్చే జబ్బులోనూ, కండలు అదురుతాయి. 1963లో ఇరవయ్యొకటేళ్ల స్టీఫెన్ హాకింగ్‌కు ఆ జబ్బని తేలింది. ఆయన చక్రాల కుర్చీ బొమ్మతో అది ప్రపంచమంతటికీ తెలిసింది. ఇప్పుడు పిక్క అదిరినవాడు ఫోను తీస్తే ముందు ఎదురయ్యేది ఆ పేరే. పాత పట్టికలో సగం శుభం, సగం అశుభం. కొత్త పట్టికలో ఒకటే గడి, అందులో మరణం. పైగా అది ఈ సాయంత్రానికి తేలేది కాదు. చదువుకుంటే భయం పోతుందంటే అదీ నిలవదు. సైమన్, కీర్నన్ అనే నరాల వైద్యులు 2013లో ఒక వ్యాసం రాశారు, కండలు అదురుతున్నాయని హడలిపోయి తమ దగ్గరికి వచ్చిన సాటి వైద్యుల గురించే. జబ్బు గురించి బాగా తెలిసినవాళ్లే ఎక్కువ భయపడ్డారన్నమాట. మరి ఆ భయానికి ఆధారమెంత? అమెరికాలోని మేయో క్లినిక్‌వాళ్లు ఇలా కండలు అదరడం తప్ప వేరే లోపమేదీ కనబడని 121 మందిని ఏళ్లపాటు, కొందరినైతే ముప్ఫై ఏళ్లకు పైగా, గమనించి 1993లో ఫలితం ప్రకటించారు. వాళ్లలో ఒక్కరికీ ఆ జబ్బు రాలేదు.

అయినా మన ప్రాంతం సంగతి వేరని ఇంకో అభ్యంతరం రావచ్చు, అదీ వినదగ్గదే. మద్రాసులో మీనాక్షిసుందరం, జగన్నాథన్, రామమూర్తి 1970లో చిన్న వయసువాళ్లకు వచ్చే ఒక రకం మోటారు న్యూరాన్ జబ్బును వివరించారు. దానికి మద్రాసు పేరే నిలిచింది. ఆంధ్రలోనూ కర్ణాటకలోనూ రోగులు కనబడ్డారు. 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో భాగమై, 1957లో గాని వైద్య కళాశాల రాని కర్నూలువాళ్లకు ఇది పరాయి జబ్బేమీ కాదు. కానీ దాని నడక చూడండి. కాళ్లూ చేతులూ సన్నబడతాయి, బలం తగ్గుతుంది, చాలామందికి వినికిడి పోతుంది, ముఖం కండలూ మింగే శక్తీ దెబ్బతింటాయి. అదురు వాటితో పాటు ఉంటే ఉంటుంది, ఒంటరిగా తలుపు తట్టదు. మామూలు రకంలోనూ రోగి తెచ్చే ఫిర్యాదు సాధారణంగా ఇంకొకటి: చొక్కా గుండీ పెట్టుకోవడం రావట్లేదు, నడుస్తుంటే కాలి చెప్పు జారిపోతోంది, మాట ముద్దగా వస్తోంది. కంటితో పాటు అదే వైపు మూతి కూడా లాగుతుంటే అది మరొక బాధ, దానికి సూది మందు ఉంది. అందుకే పిక్క అదురుతోందని వెళ్లినవాణ్ణి నరాల వైద్యుడు ఆ పిక్కను కాసేపు చూసి, ముందు మడమల మీద నాలుగడుగులు, తరవాత మునివేళ్ల మీద నాలుగడుగులు నడవమంటాడు. పిడికిలి బిగించమని, నాలుక చాపమని చెప్పి, సుత్తితో మోకాలి కింద తట్టి చూస్తాడు. ఇవన్నీ సరిగ్గా ఉంటే, ఎడమ కాలా కుడి కాలా అని ఆయన అడగడు.