రాక్షసుల మేనిచాయ

తెలంగాణలోని చెర్ల వైపు ప్రవహించి గోదావరిలో కలిసే తాలిపేరు నదికి ఎగువన బాసగూడ, దానికి సమీపంలో తర్రెం ఉన్నాయి. 1998 వరకు బస్తర్ జిల్లాలోను, తరువాత దంతెవాడలోను, 2007 నుండి బీజాపూర్ జిల్లాలోను ఉన్న ఈ అటవీసీమను రామకథలోని దండకారణ్యంగా సంప్రదాయం గుర్తిస్తుంది. అంటే, కావ్యాలలోని రాక్షసులకు ఇది స్వస్థలం. అయినా జగదల్‌పూర్‌లో 75 రోజులపాటు జరిగే బస్తర్ దసరాలో రావణదహనం లేదు. దంతేశ్వరీదేవి ఆరాధన, కొయ్యరథం లాగడం, ఇవే అక్కడ ప్రధానం. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఇక్కడికి వచ్చి రాజ్యం స్థాపించాడని, ఆ దేవి అతనికి ఇలవేల్పని స్థానిక ఐతిహ్యం. దహించవలసిన రావణుడు లేడు గనుక ఆ ఉత్సవంలో అతని ఒంటికి ఏ రంగు వేయాలన్న ప్రశ్న కూడా పుట్టలేదు.

ఇతరత్రా ఆ ప్రశ్న చాలా పాతది. నాట్యశాస్త్రంలో ఆహార్యాభినయాన్ని వివరించే అధ్యాయం నటుల దేహానికి పూయవలసిన వర్ణాలను నిర్దేశించింది. తెలుపు, నీలం, పసుపు, ఎరుపులను మూలవర్ణాలుగా తీసుకుని, వాటి మిశ్రమాల నుండి మిగిలిన చాయలను సాధించమన్నది. దైత్యులకు, దానవులకు, రాక్షసులకు, పిశాచాలకు శ్యామవర్ణం విధించింది. అదే అధ్యాయం కిరాతులు, పుళిందులు, ద్రవిడులతోపాటు ఆంధ్రులను కూడా నల్లని ఛాయగలవారి జాబితాలో చేర్చింది. శకయవనాదులకు మాత్రం గౌరవర్ణం దక్కింది. తెలుగు పాఠకుడు ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చదవడం అవసరం. రాక్షసుని రంగుకూ, అడవిలో నివసించే మనిషి రంగుకూ, మన రంగుకూ నడుమ శాస్త్రకారుడు మిగిల్చిన దూరం ఎంత స్వల్పమో అప్పుడు తెలుస్తుంది.

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ఇంతకంటె సూక్ష్మంగా చూసింది. గౌరవర్ణంలో ఐదు భేదాలను, శ్యామవర్ణంలో పన్నెండు భేదాలను అది చెప్పింది. పెసరగింజ చాయ, గరికమొలక చాయ, నల్లకలువ చాయ, కారుమబ్బు చాయ వీటిలో ఉన్నాయి. నల్లని మేనులో ఇన్ని తేడాలను పరికించిన కన్ను ఆ వర్ణాన్ని ఏవగించుకున్నదని అనలేము.

తెలుగునాట ఈ వర్ణవిధానం నకాషీల చేతిలో నిలిచింది. నేడు సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలలో కథాపటాలతోపాటు రంపపుపొట్టు, చింతగింజల అంబలి కలిపిన ముద్దతో ముఖాకృతులు కూడా తయారవుతాయి. గవ్వల నుండి తెలుపు, దీపపు మసి నుండి నలుపు, నీలిమందు నుండి నీలం, పేవుడి నుండి పసుపు, ఇంగిలీకం నుండి ఎరుపు తీసేవారు. పటాలలో దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, మనుషులకు గులాబీ చాయ, రాక్షసులకు గోధుమ లేదా అంతకంటె ముదురు రంగు వేయడం ఆచారం. అక్కడ రంగు ఒక సంకేతం మాత్రమే. కథకుడు వేలు చూపగానే ఫలానావాడు రాక్షసుడని ప్రేక్షకుడు గుర్తిస్తే దాని పని పూర్తవుతుంది. ఊదారంగు ముఖాన్ని చూసి తన పొరుగువాడిని ఎవరూ తలచుకోరు.

నీటితో పలుచన చేసుకోగల ఆక్రిలిక్ రంగులు 1955లో అమెరికాలో లిక్విటెక్స్ పేరుతో విపణిలోకి వచ్చాయి. వాటితో సంకేతం స్థానంలో సాదృశ్యం సులభసాధ్యమయింది. ఈ రంగులోని జిగురు తడిగా ఉన్నప్పుడు పాలవలె ఉండి, ఆరిన తరువాత పారదర్శకమవుతుంది. అందుచేతనే ఆరిన రంగు తడిరంగు కంటె కొంత ముదురుగా కనిపిస్తుంది. కొత్తవారు తరచు మోసపోయేది ఇక్కడే. ఒకసారి ఆరిన పొర నీటికి కరగదు. కాబట్టి దానిపై పలుచని పొరలు ఎన్నయినా వేయవచ్చు. నిజమైన చర్మం ఒకే రంగు కాదు. కింది నెత్తురు, నరాలు, కొవ్వు పైపొర గుండా లీలగా కనిపిస్తాయి. శిల్పి కూడా ముందుగా ఎరుపు, నీలాలను అక్కడక్కడ తాకించి, వాటిపై పసుపు, గోధుమ చాయలను పలుచగా పరుస్తాడు. అప్పుడు కోరలు, కొమ్ములు గల బొమ్మకు సైతం ప్రాణమున్న ఒళ్లు వస్తుంది.

చిక్కు కూడా ఇక్కడే వస్తుంది. సంకేతంగా ఉన్న గోధుమరంగు సహజమైన చర్మంగా మారగానే అది ఎవరో ఒకరి చర్మమవుతుంది. పాత ఆచారాన్ని కొత్త రంగుతో యథాతథంగా పాటించే శిల్పి, తనకు తెలియకుండానే, అడవి మనిషి మేనిని రాక్షసునికి తొడుగుతాడు. సాదృశ్యం అనే నెపం ఉన్నందున ఎవరూ ప్రశ్నించరు కూడా. బస్తర్ ఘడవాలు మైనపు అచ్చుతో పోసే కంచుబొమ్మలకు ఈ ఇబ్బంది లేదు. అవి లోహపు రంగుతోనే ఉంటాయి.

రంగు వేయక తప్పనివారికి చిత్రసూత్రంలోని గరికమొలక చాయ ఉపకరిస్తుంది. ఆకుపచ్చ పునాదిపై పసుపు పలుచగా పరచి, ముక్కుపుటాల వద్ద, గోళ్ల మొదళ్లలో ఎరుపు, కనుగుంటలలో నీలం పొరలుగా చేరిస్తే, చర్మపు లోతు అంతా వస్తుంది. ఆ ఒళ్లు ఏ మనిషినీ పోలి ఉండదు.